దూర లక్ష్యాలకు స్కోప్: ఎలివేషన్ ఎంత ఉంటే చాలు?

తొలిగురి:
సభ్యులందరికీ నమస్కారం. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో ఇప్పటిదాకా 300 గజాల లోపు కాగితపు లక్ష్యాల మీదే సాధన చేశాను. ఇకపై 1000 గజాల ఎఫ్-క్లాస్ (పడుకుని, స్కోప్ ఉన్న రైఫిల్‌ను ఆధారం మీద ఉంచి దూర లక్ష్యాలను కాల్చే) పోటీలకు సిద్ధం కావాలనుకుంటున్నాను. వాడేది 175 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్, దాని వేగం సెకనుకు సుమారు 2600 అడుగులు. రెండు స్కోపులు చూసి ఉంచాను. మొదటిది 30 మి.మీ. గొట్టం, 8 నుంచి 32 రెట్ల వర్ధనం, మొత్తం ఎలివేషన్ (గురిని నిలువుగా మార్చగల మేర) 60 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). రెండోది 34 మి.మీ. గొట్టం, 5 నుంచి 25 రెట్లు, మొత్తం 100 ఎంఓఏ. బరువులోనూ ఖరీదులోనూ రెండోది చాలా ఎక్కువ. నాకు కావలసింది 40 ఎంఓఏ లోపేనని పట్టికలు చెబుతున్నప్పుడు 60 ఉన్నది ఎందుకు సరిపోదో, సరిపోతుందంటే అందరూ 34 మి.మీ. వైపే ఎందుకు మొగ్గుతున్నారో వివరించగలరా?

వేయిగజాలు:
తొలిగురి గారూ, మీ ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. కేటలాగులో వేసే 60 ఎంఓఏ అన్నది అట్టడుగు నుంచి చిట్టచివరి దాకా టరెట్ (గురిని సర్దే నాబ్) తిరిగే మొత్తం. మీ చేతికి వచ్చేది అందులో జీరోకి (గురిపెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా చేసిన అమరికకు) పైన మిగిలిన భాగం మాత్రమే. చదునైన రైల్ (రైఫిల్ మీద స్కోప్‌ను నిలిపే పట్టీ) మీద స్కోప్ బిగిస్తే, లోపలి యంత్రం నడిమధ్యన ఉన్నప్పుడు పైకి 30, కిందికి 30 ఉంటాయి. ఆ 30 కూడా పూర్తిగా మిగలదు. స్కోప్ బ్యారెల్‌కి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల ఎత్తున ఉంటుంది, పైగా 100 గజాలు చేరేలోపు మీ బుల్లెట్ మరో రెండున్నర, మూడు అంగుళాలు కిందికి జారుతుంది. ఈ రెండింటినీ కలిపి సరిచేయడానికే, అంటే 100 గజాల దగ్గర జీరో పట్టడానికే, దాదాపు 4 ఎంఓఏ ఖర్చవుతుంది. మిగిలేది 26.

సముద్రమట్టానికి దగ్గరగా, మామూలు వాతావరణంలో మీ బుల్లెట్‌కి 100 గజాల జీరో నుంచి 1000 గజాలకు 38 నుంచి 40 ఎంఓఏ పడుతుంది. అంటే చదునైన రైల్ మీద మీరు 800 గజాల దగ్గరికి వచ్చేసరికే టరెట్ చివరికి వచ్చి ఆగిపోతుంది. ముందుకు 20 ఎంఓఏ వాలు ఉన్న రైల్ వేస్తే 26 కాస్తా 46 అవుతుంది, పని జరుగుతుంది. కాబట్టి 60 ఉన్న స్కోప్ చాలదని కాదు, అది ఒంటరిగా చాలదు.

తొలిగురి:
అయితే 20కి బదులు 30 ఎంఓఏ రైల్ వేసుకుంటే ఇంకా మేలు కదా? పైన మిగులు ఎక్కువ ఉంటుంది.

వేయిగజాలు:
పైన కలిసినదంతా కింద తరుగుతుంది. 60 ఎంఓఏ స్కోప్‌కి 30 రైల్ వేస్తే జీరో దగ్గర కిందికి మిగిలేది కాగితం మీద 4 ఎంఓఏ మాత్రమే. రిసీవర్ (రైఫిల్‌లో రైల్ బిగించే భాగం) మీద మరల కోసం వేసిన రంధ్రాలు కొద్దిగా తేడాగా ఉన్నా, స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల ఎత్తులో వెంట్రుకవాసి వ్యత్యాసం ఉన్నా ఆ 4 హరించుకుపోయి, 100 గజాల దగ్గర జీరో పట్టని పరిస్థితి రావచ్చు. తేడా అవతలి వైపు ఉంటే మాత్రం 30 రైల్ హాయిగా కుదురుతుంది. మీ రైఫిల్‌లో తేడా ఎటు ఉందో కొలిచి తెలుసుకున్నాకే 30 గురించి ఆలోచించండి.

కటకశాస్త్రి:
34 మి.మీ. గొట్టం గురించి ఒక భ్రమ బలంగా పాతుకుపోయింది కనుక దాని సంగతి చెబుతాను. గొట్టం లావైనంత మాత్రాన ఎలివేషన్ పెరగదు.

స్కోప్ లోపల ఎరెక్టర్ అనే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దాని వెనుక కొస కీలు మీద నిలిచి ఉంటుంది, ముందు కొసను టరెట్ మర ఒకవైపు నుంచి నెడితే, ఎదుటి వైపున స్ప్రింగ్ తిరిగి నెడుతుంది. రోట్లో రోకలి వాలినట్టు అది ప్రధాన గొట్టం లోపల వాలుతుంది. ఎంత దూరం వాలగలదన్నది రెండు గొట్టాల మధ్య ఉన్న ఖాళీని బట్టి ఉంటుంది. ఇంతవరకూ లావు గొట్టానికి అనుకూలమే. కానీ ఆ జరుగుదల ఎంత కోణంగా మారుతుందన్నది ముందు కటకం నాభ్యంతరాన్ని బట్టి తేలుతుంది. నాభ్యంతరం 200 మి.మీ. అయితే గురిని 1 మిల్ (దూరంలో వెయ్యో వంతుకు సరిపడే కోణం) మార్చడానికి రెటికల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) ఉన్న చోట 0.2 మి.మీ. జరగాలి. అదే 300 మి.మీ. అయితే 0.3 జరగాలి. లోపల 3 మి.మీ. ఖాళీ ఉందనుకుంటే, మొదటి స్కోప్‌లో ఒక్కో వైపుకు 15 మిల్‌లు వస్తాయి, రెండో దానిలో 10 మాత్రమే వస్తాయి. అధిక వర్ధనం ఉన్న స్కోపులలో సాధారణంగా ముందు కటకం నాభ్యంతరం పొడుగ్గా ఉంటుంది కాబట్టి వాటిలో ఎలివేషన్ తరుగుతుంది.

నైట్‌ఫోర్స్ వారి ఎన్‌ఎక్స్‌ఎస్ వరుసను చూడండి. మూడు నమూనాలకూ 30 మి.మీ. గొట్టమే, మూడింటికీ 56 మి.మీ. ముందు కటకమే. కంపెనీ ప్రకటించిన ఎలివేషన్ 5.5-22 నమూనాకు 100 ఎంఓఏ, 8-32కి 65, 12-42కి 45. గొట్టం మారలేదు, ఎలివేషన్ సగానికంటే తక్కువకు దిగిపోయింది. 34 మి.మీ. గొట్టాన్ని తయారీదారులు కొందరు ఎలివేషన్ కోసం వాడతారు, కొందరు గోడ మందం పెంచి దృఢత్వం కోసం వాడతారు, కొందరు లోపలి కటకాలను పెద్దవి చేయడానికి వాడతారు. అందుకని మి.మీ. చూసి కొనకండి, ఎంఓఏ అంకె చూసి కొనండి.

ఇక్కడే మరో చిన్న గణితం. 0.1 మిల్ క్లిక్ (టరెట్ తిరిగే ఒక్క మెట్టు) అంటే, 200 మి.మీ. నాభ్యంతరం ఉన్న స్కోప్‌లో, లోపల 0.02 మి.మీ. కదలిక. అంత సన్నని కదలికను వేలసార్లు తప్పకుండా ఇవ్వాలన్నమాట. ఖరీదు ఎక్కడికి పోతుందని అడిగేవారికి నేను ఈ అంకె చూపిస్తాను.

గాలివాటం:
ఎలివేషన్ గురించే మాట్లాడుకుంటున్నారు, విండేజ్ (గురిని పక్కలకు మార్చడం) సంగతి మరిచారు. ఎరెక్టర్ కదిలేది గుండ్రని గొట్టంలో. అది పైకి పూర్తిగా వెళ్లినప్పుడు పక్కలకు జరగడానికి చోటుండదు. మొత్తం 60 ఎంఓఏ ఉన్న స్కోప్‌ని 30 ఎంఓఏ వ్యాసార్ధం గల వృత్తంగా ఊహించుకోండి. తొలిగురి గారు 20 రైల్ వేసి 1000 గజాలకు 39 తిప్పితే ఎరెక్టర్ నడిమధ్య నుంచి 23 ఎంఓఏ దూరంలో ఉంటుంది: జీరోకి 4, దానికి 39 కలిపి, రైల్ ఇచ్చిన 20 తీసేయగా వచ్చిన లెక్క ఇది. ఆ ఎత్తులో ఒక్కో పక్కకు దాదాపు 19 ఎంఓఏ మిగులుతుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలికి ఆయన బుల్లెట్ 1000 గజాల దగ్గర సుమారు 9 ఎంఓఏ పక్కకు పోతుంది కనుక ఇబ్బంది లేదు, గాలి రెట్టింపైనా ఎలాగో సరిపోతుంది. అదే చదునైన రైల్ మీద టరెట్‌ని చివరంటా తిప్పి కాల్చేవారికి విండేజ్ నాబ్ తిరగనంటుంది. అది స్కోప్ లోపమనుకుని వెనక్కి పంపేవారిని చూశాను.

కొన్ని స్కోపులలో ఈ హద్దుల్ని మరలతోనే ముందుగా బిగించి ఉంచుతారు, కాబట్టి ఈ లెక్క అన్నింటికీ అచ్చంగా వర్తించదు. కానీ దిశ మాత్రం ఇదే.

నిదానం:
వేయిగజాలు గారి లెక్కతో నాకు పేచీ లేదు కానీ, ఆయన ప్రతిదాన్నీ 100 గజాల జీరో నుంచే మొదలుపెట్టడం ఎఫ్-క్లాస్ వారికి అవసరమా అని నా సందేహం. ఎఫ్-క్లాస్‌లో దూరం ముందే తెలుస్తుంది, లెక్కలోకి రాని పరీక్ష షాట్లు ఉంటాయి, ఒకసారి ఎలివేషన్ పెట్టుకున్నాక ఆ వరుస ముగిసేదాకా ఒకటి రెండు క్లిక్కులకు మించి కదపరు. 800 నుంచి 1000 గజాల దాకానే కాల్చే మనిషికి 100 గజాల దగ్గర జీరో ఎందుకు? 60 ఎంఓఏ స్కోప్‌కి 40 రైల్ వేస్తే 100 దగ్గర 6 ఎంఓఏ కొరత పడుతుంది, నిజమే. 400 గజాల నుంచి మాత్రం అంతా అందుతుంది. పైగా 1000 గజాల దగ్గర ఎరెక్టర్ దాదాపు నడిమధ్యనే ఉంటుంది. కటకాల మధ్య భాగం గుండా చూసినప్పుడు బొమ్మ అంచులు శుభ్రంగా ఉంటాయి, రంగుల జాడలు తగ్గుతాయి, విండేజ్ రెండు వైపులా నిండుగా దొరుకుతుంది.

పాత కాలపు ఉనర్టల్ లక్ష్య స్కోపులలో సర్దుబాటంతా బయటి మౌంట్‌లోనే ఉండేది. మైక్రోమీటర్ మరలు మొత్తం గొట్టాన్నే కదిపేవి, కాబట్టి కన్ను ఎప్పుడూ కటకాల మధ్య గుండానే చూసేది. వాలు రైల్‌తో మనం చేస్తున్నది ఒక రకంగా అదే పని.

వేయిగజాలు:
నిదానం గారూ, మీ మాట పోటీ మాత్రమే కాల్చేవారికి నిజం. తొలిగురి గారు ఇప్పటికీ 300 లోపు సాధన చేస్తున్నారు. కొత్త తూటాల పొందికను పరీక్షించాలన్నా, స్కోప్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూడాలన్నా గాలి ప్రభావం తక్కువగా ఉండే 100 గజాల దూరం కావాలి. ఆ దూరాన్ని పోగొట్టుకుని 40 రైల్ వేసుకోమని కొత్తవారికి నేను చెప్పలేను. మీరు చెప్పిన లాభాలన్నీ 100 గజాలను వదలకుండానే కావాలంటే 100 ఎంఓఏ ఉన్న స్కోప్‌కి 40 రైల్ వేసుకోవాలి. అప్పుడు 100 గజాల దగ్గర ఎరెక్టర్ మధ్య నుంచి 36 కిందికి, 1000 దగ్గర 3 పైకి ఉంటుంది. రెండూ 50 లోపే. రెండో స్కోప్ వైపు అందరూ మొగ్గడానికి ఇది అసలైన కారణం.

నిదానం:
అంగీకరిస్తాను. కానీ ఆ స్కోప్ కిలో దాటి తూగుతుందని కూడా చెప్పండి. ఎఫ్-క్లాస్‌లో .308, .223 రైఫిళ్లకే పరిమితమైన ఎఫ్-టీఆర్ విభాగంలో స్కోప్, బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) అన్నీ కలుపుకుని రైఫిల్ 8.25 కిలోలు మించకూడదు. .308 వాడుతున్నారంటే తొలిగురి గారు ఆ విభాగంలోనే పోటీ చేస్తారనుకుంటాను. బరువైన బ్యారెల్ ఇప్పటికే ఉంటే స్కోప్‌కి మిగిలేది కొద్దే.

చిన్నగుండు:
మధ్యలో వచ్చినందుకు మన్నించాలి. నేను .22 ఎల్‌ఆర్‌ (చిన్న, తక్కువ వేగపు తూటా) రైఫిల్‌తో 300 గజాల ఇనుప పలకల మీద కాలుస్తాను. 300 గజాలే కదా, 40 ఎంఓఏ ఉన్న స్కోప్ చాలదా?

వేయిగజాలు:
చాలదు. .308 కంటే మీకే ఎక్కువ కావాలి. సెకనుకు 1070 అడుగుల వేగంతో పోయే 40 గ్రెయిన్ల బుల్లెట్‌కి 50 గజాల జీరో పట్టడానికే 10 ఎంఓఏ ఖర్చు. అక్కడి నుంచి 200 గజాలకు సుమారు 25, 300 గజాలకు 45 పైచిలుకు. మొత్తం కలిపితే నడిమధ్య నుంచి 55. 60 ఎంఓఏ స్కోప్, 30 రైల్ మీకు చక్కగా కుదురుతాయి: 50 గజాల దగ్గర ఎరెక్టర్ 20 కిందికి, 300 దగ్గర 25 పైకి. ఆపైన కొరత పడితే రెటికల్ మీద ఉన్న గీతలను వాడుకోండి. టరెట్ కొంత తిప్పి, మిగతాది గీతలతో పట్టుకోవడం ఇనుప పలకల పోటీలలో తప్పేమీ కాదు. రెటికల్ రెండో నాభి తలంలో ఉన్న స్కోప్ (వర్ధనం మార్చినా గీతల పరిమాణం మారని రకం) అయితే ఆ గీతలు ఒక్క వర్ధనం దగ్గరే నిజం చెబుతాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

కొలతబద్ద:
ఎంత తిరుగుతుందన్నది అందరూ చెప్పారు, తిరిగినంతా నిజమేనా అన్నది ఎవరూ అడగలేదు. నా దృష్టిలో ఇదే పెద్ద విషయం. 100 ఎంఓఏ తిరిగి అబద్ధం చెప్పే టరెట్ కంటే 60 తిరిగి నిజం చెప్పేది మేలు.

మొదట కొలమానం తేల్చుకోండి. 1 ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. కొన్ని స్కోపులలో, అందులోనూ చవక రకాలలో, క్లిక్కులు సరిగ్గా అంగుళం లెక్కన చెక్కి ఉంటాయి, పెట్టె మీద మాత్రం ఎంఓఏ అనే ఉంటుంది. ఈ 4.7 శాతం తేడా 39 ఎంఓఏ మీద దాదాపు 1.8 ఎంఓఏ, అంటే 1000 గజాల దగ్గర 18 అంగుళాలు దాటుతుంది. అమెరికా ఎన్‌ఆర్‌ఏ (జాతీయ రైఫిల్ సంఘం) ఎఫ్-క్లాస్ లక్ష్యంలో ఆ దూరానికి పది పాయింట్ల వలయం వ్యాసమే 10 అంగుళాలు. మిల్ స్కోపులలో ఈ గందరగోళం లేదు: 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, ఎవరు చెక్కినా అంతే.

ఇక పరీక్ష. పొడవాటి అట్ట మీద లంబసూత్రం వేలాడదీసి నిలువు గీత గీయండి. దూరాన్ని టేపుతో కొలవండి, రేంజ్ వారు పాతిన పలకను నమ్మకండి. 100 గజాల దగ్గర కింది చుక్క మీద అయిదు తూటాలు కాల్చండి, టరెట్‌ని 30 ఎంఓఏ పైకి తిప్పి అదే చుక్కకు గురిపెట్టి మరో అయిదు కాల్చండి. రెండు గుంపుల మధ్య బిందువుల దూరం 31.4 అంగుళాలు రావాలి. 30.8 వచ్చిందంటే మీ టరెట్ 2 శాతం తక్కువ ఇస్తోంది. అది ప్రతిసారీ అంతే ఇస్తే భయం లేదు, లెక్క కట్టే యాప్‌లో ఆ శాతాన్ని వేసుకుంటే సరి. ఒకసారి 30.8, మరోసారి 31.6 వస్తే ఆ స్కోప్‌ని వదిలేయండి. పైగుంపు నిలువు గీత నుంచి పక్కకు జరిగితే రెటికల్ నిట్టనిలువుగా లేదని, లేదా టరెట్ కదిలించే దిశ రెటికల్‌తో కలవడం లేదని అర్థం.

ఈ వాలు ఎంత నష్టం చేస్తుందో చాలామందికి నమ్మశక్యం కాదు. రైఫిల్ 3 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉండగా 39 ఎంఓఏ తిప్పితే అందులో 2 ఎంఓఏ పక్కకు పోతుంది, 1000 గజాల దగ్గర 21 అంగుళాలు. దాన్ని గాలి అనుకుని విండేజ్ తిప్పుతూ కూర్చుంటాం. కొద్ది ఖరీదు చేసే నీటిమట్టపు గొట్టం ఒకటి స్కోప్‌కి తగిలించుకోండి.

కటకశాస్త్రి:
కొలతబద్ద గారి మాటకు ఒక్కటి చేరుస్తాను. పరీక్షలో తప్పు చూపించిన స్కోపులు కొన్ని రింగులు వదులు చేయగానే బాగుపడతాయి. రింగు మరలు అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి ఎరెక్టర్ కదలికకు అడ్డు తగులుతుంది. సాధారణంగా 15 నుంచి 18 అంగుళ-పౌండ్ల బిగింపు బలం చాలు, తయారీదారు చెప్పిన అంకె వేరుగా ఉంటే అదే పాటించండి.

తొలిగురి:
అందరికీ కృతజ్ఞతలు. వేయిగజాలు గారు నా రైఫిల్‌లో తేడాను కొలిచి చూడమన్నారు. ఇప్పుడున్న పాత స్కోప్ మొత్తం 50 ఎంఓఏ తిరుగుతుంది, రైల్ చదునైనది. 100 గజాల జీరో నుంచి పైకి తిప్పితే 18 దగ్గర ఆగింది, కిందికి 32 వచ్చింది. దీన్ని ఎలా చదవాలి?

వేయిగజాలు:
చక్కగా కొలిచారు. 50లో సగం 25, జీరో ఖర్చు 4 తీసేస్తే పైకి 21 ఉండాలి. మీకు 18 వచ్చింది. అంటే మీ రిసీవర్, రైల్, రింగులు కలిసి మరో 3 ఎంఓఏ తినేస్తున్నాయి. 60 ఎంఓఏ స్కోప్‌ని 20 రైల్ మీద పెడితే పైకి 46 కాదు, 43 మిగులుతుంది. మీ అవసరం 40 అనుకుంటే మిగులు 3. చలి రోజున తుపాకీ మందు ఇచ్చే వేగం కొంత తగ్గినా, బ్యారెల్ అనుకున్న వేగం ఇవ్వకపోయినా ఆ మూడూ చాలవు.

అయితే మీకు నష్టం చేసిన ఆ 3 ఎంఓఏ కింది వైపు కలిసి వస్తుంది. 30 రైల్ వేస్తే పైకి 53, కిందికి 7. నేను ముందు భయపడిన 4 కాస్తా మీ రైఫిల్‌లో 7 అయింది. 100 గజాల జీరో పడుతుంది, 1000 గజాల దగ్గర 13 ఎంఓఏ మిగులు ఉంటుంది.

గాలివాటం:
విండేజ్ కూడా మెరుగవుతుంది. 30 రైల్‌తో 40 తిప్పినప్పుడు ఎరెక్టర్ మధ్య నుంచి 17 ఎంఓఏ మాత్రమే పైన ఉంటుంది, ఒక్కో పక్కకు 24 పైగా దొరుకుతుంది.

తొలిగురి:
అలాగైతే 8-32 స్కోప్, 30 రైల్ ఖాయం చేసుకుంటాను. 34 మి.మీ. దాని బరువు నాకు 8.25 కిలోల హద్దులో పట్టేలా లేదు. ఒక్క సందేహం: కొత్త స్కోప్ బిగించాక కిందికి 7 రాకుండా 2, 3 మాత్రమే వస్తే?

కొలతబద్ద:
అప్పుడు తేడా రింగుల్లో ఉందో రైల్‌లో ఉందో విడదీయాలి. ముందు, వెనుక రింగులను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి మళ్లీ జీరో పట్టండి. కిందికి మిగిలిన అంకె మారితే లోపం రింగులది, వాటిని మార్చితే సరిపోతుంది. మారకపోతే రైల్ మరలు ఊడదీసి, ముందు మరలు మాత్రమే బిగించి వెనుక అంచు కింద సన్నని ఫీలర్ గేజ్ (సందును కొలిచే రేకు) దూరుతుందేమో చూడండి. దూరితే రిసీవర్ పైభాగం రైల్‌కి సమంగా లేదన్నమాట. ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పరిచి రైల్‌ని దాని మీద కూర్చోబెట్టి, అది గట్టిపడేదాకా ముందు మరలు మాత్రమే తేలిగ్గా బిగించి ఉంచాలి.